పొరుగువాడెవడు? పాతబస్తీలో నిలిచి చదివిన ఉపమానము



లూకా సువార్త పదియవ అధ్యాయములోని సమరయుని కథ మీకు క్రొత్తది కాదు. ఆదివారపు బడి పిల్లవాడు మొదలుకొని చూపు ఆనని అవ్వ వరకు అందరును దానిని చెప్పగలరు. పండుగ నాటకములలో దానిని ఆడించిన ఊళ్లును ఉన్నవి. అక్కడ దొంగల వేషమునకే పోటీ ఎక్కువ! ఇంతగా తెలిసిన కథకు ఒక కీడు కలదు. తెలిసినదానిని మనము చదువము, ఒప్పజెప్పుదుము. ఈ నెల ఆ కథను ఒప్పజెప్పక, మాట మాటకు ఆగి చదువుదము. చదువుటకు ఒక చోటును కూడ ఎంచుకొంటిని. అది హైదరాబాదు పాతబస్తీ. ఆ చోటే ఎందుకో పోను పోను తెలియును.

మొదట "పొరుగువాడు" అను మాటను పట్టుకొందము. లూకా సువార్త తెలుగులో మొదట అచ్చుపడినది 1812వ సంవత్సరమున, సెరాంపూరులో. దానిని తెలుగు చేసిన డెస్ గ్రాంజెస్ అను మిషనరీ విశాఖపట్టణములో కాపురముండి మన భాష నేర్చినవాడు. ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుడు ఆయనకు కుడిభుజముగా నుండెను. అచ్చు కండ్ల చూడకమునుపే 1810లో డెస్ గ్రాంజెస్ కన్నుమూసెను. ఆ తరువాత ఎందరో దిద్దగా దిద్దగా నేటి మన బైబిలు ఏర్పడినది. ఆ దిద్దుబాటుల పిమ్మట మన చేతికి వచ్చిన మాట ఈ "పొరుగు".

మంచి తెలుగు మాట. ఇరుగు పొరుగు అందుము. ఇరుగమ్మ, పొరుగమ్మ అందుము. అగ్గికి, చేట పిండికి, పురిటి నొప్పులకు మొట్టమొదట కేక వేయునది పొరుగింటికే. అయితే ఈ మాటకు కొలబద్ద ఇల్లు. గోడకు ఆవలివాడు, దడికి ఆవలివాడు పొరుగువాడు. సువార్తికుడు వాడిన గ్రీకు మాటలో ఇల్లు లేదు, గోడ లేదు. "దగ్గరనున్నవాడు" అని మాత్రమే దాని భావము. మన అనువాదకులు తప్పు చేసిరని నేననను. ఆ చోట పెట్టుటకు మన భాషలో అంతకంటె మంచి మాట దొరకుట కష్టమే. కాని ఆ మాట మన ఊరిలోనికి వచ్చి ఏమైనదో చూడవలెను.

మన ఊళ్లలో ఇండ్లు ఎట్లు కట్టబడినవి? కులమును బట్టి కట్టబడినవి. ఊరు ఒకచోట, పల్లె ఒకచోట. ఆ పల్లెలోనైనను మాలపల్లె వేరు, మాదిగగూడెము వేరు. కాబట్టి మన దడికి ఆవల ఉన్నవాడు మనవాడే. "పొరుగువానిని ప్రేమించుము" అని పాదిరిగారు చదివినప్పుడు, మన చెవికి అది ఎంత సులువుగా సోకునో గమనించితిరా? బావను, పినతండ్రిని, మేనత్త కొడుకును ప్రేమింపుమన్నట్లే వినబడును. ధర్మశాస్త్రోపదేశకుడు యేసు ప్రభువును అడిగిన ప్రశ్న ఇదే కదా, నా పొరుగువాడెవడు అని. అతడు ఆ ప్రశ్నను నోరు తెరచి అడిగెను. మనము అడుగను కూడ అడుగము. మన ఊరి కట్టుబడియే మనకు జవాబు చెప్పియున్నది.

ఇప్పుడు పాతబస్తీకి రండి. మీలో చాలమందికి అది తెలియనిది కాదు. 1591లో కట్టిన చార్మినారు చూచితిరి, లాడ్ బజారులో గాజులు కొంటిరి, మూసీ ఒడ్డున ఉస్మానియా దవాఖానాలో రోగిని పెట్టుకొని వరండాలో రాత్రుళ్లు గడిపితిరి. ఆ పెద్ద వీధులు విడిచి లోపలి గల్లీలకు పోయిన యెడల, మనిషికి మనిషి ఒరసుకొనక నడువలేని త్రోవలు. రెండిండ్లకు ఒకే గోడ. ఒక మిద్దె మీదనుండి ఇంకొక మిద్దె మీదికి దాటవచ్చును. ఇటు ఆజాను, అటు గుడిగంట. లాల్ దర్వాజా బోనాలకు ఊరంతయు కదలును. పొరుగు అను మాటకు కొలబద్ద గోడయే అయినచో, భూమిమీద ఇంతకంటె పొరుగువారు ఎక్కడనుందురు?

అట్టి చోట 1990 డిసెంబరులో కత్తులు లేచెను. నూటికి పైగా ప్రాణములు పోయెను. దినముల తరబడి కర్ఫ్యూ. అల్లరిమూక ఎక్కడినుండియో వచ్చెనని కొందరందురు. వచ్చియుండవచ్చును. కాని ఏ ఇల్లు ఎవరిదో మూకకు చెప్పుటకు ఒక పొరుగువాడు కావలెను గదా! గోడ దగ్గర చేసినంత మాత్రమున మనస్సు దగ్గర కాదని ఆ నెల తేటపడినది. మన పల్లెలో పొరుగు అను మాట మిక్కిలి చిన్నదైపోయినది. పాతబస్తీలో అది మిక్కిలి తేలికైపోయినది. ఉపమానమును అక్కడ నిలిచి చదువుదమని నేనన్నది ఇందుకే.

ఆ బస్తీవారి ఉర్దూలో పొరుగువానికి రెండు మాటలు కలవు. ఒకటి పడోసీ, మన పొరుగు వంటిదే. రెండవది పారసీకమునుండి వచ్చినది, హమ్‌సాయా. సాయా అనగా నీడ. ఒకే నీడను పంచుకొనువాడు హమ్‌సాయా. ఈ మాట విన్నప్పుడెల్ల నాకు ఉస్మానియా దవాఖానా ఆవరణలోని చింతచెట్టు మనస్సుకు వచ్చును. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఇరుగట్టులను ముంచినప్పుడు వేలకొలది జనులు కొట్టుకొనిపోయిరి. ఆ చెట్టు కొమ్మలు పట్టుకొని నూటయాభై మంది వరకు బ్రదికిరని నగరమువారు నేటికిని చెప్పుకొందురు. ఆ కొమ్మమీద ఎవని ప్రక్కన ఎవడు కూర్చుండెనో లెక్క వ్రాసినవారు లేరు. దవాఖానాకు పోయినప్పుడు ఆ చెట్టు క్రింద కొంతసేపు నిలువుడి.

అయితే ఆ చెట్టును చూపి, ప్రేమ ఎంత సులభమో అని నేను చెప్పబోను. వరద వచ్చినప్పుడు శత్రువు నీరు. నీటికి ముఖము లేదు. అల్లరి వచ్చినప్పుడు భయమునకు పొరుగువాని ముఖమే ఉండును. అదియే కష్టము. యెరికో త్రోవలో యాజకుడును లేవీయుడును ప్రక్కగా పోయిరని మనము వారిని తిట్టిపోయుదుము. వారిని అంత దుర్మార్గులుగా ప్రభువు చెప్పినట్లు నాకు కనబడదు. ఆ త్రోవ దొంగల త్రోవ. పడియున్నవాడు శవమైనచో ముట్టినవాడు అశుచియగును. దొంగలు ఇంకను బండల చాటున పొంచియుండవచ్చును. వారికి ఎవరైనను చెప్పదగిన కారణములే ఉన్నవి. కర్ఫ్యూనాడు కిటికీ మూసికొన్న ప్రతివానికి అట్టి కారణమే ఉండును. ఉపమానములోని చురుకు ఇక్కడనే ఉన్నది: కారణము మంచిదైనను, పడియున్నవాడు పడియే యున్నాడు.

మన ప్రసంగపీఠములమీద ఈ కథకు ఒక అర్థము వాడుకలో ఉన్నది. గాయపడినవాడు ఆదాము, యెరూషలేము పరలోకము, యెరికో ఈ లోకము, దొంగలు సాతానును వాని దూతలును, సమరయుడు క్రీస్తు, పూటకూళ్లిల్లు సంఘము. ఇది మన బోధకుల సొంత కల్పన కాదు. మూడవ శతాబ్దమున ఓరిగెను నాటికే ఉన్నది. అగస్టీను దానిని ఇంకను విస్తరించి చెప్పెను. పదునారవ శతాబ్దమున కాల్విను మాత్రము దీనిని ఒప్పుకొనలేదు. ఈ అర్థములో ఓదార్పు కలదు, కాదనను. మరణశయ్యమీద ఉన్నవారికి ఇట్లు చెప్పుటయే మేలు కావచ్చును. కాని ఏండ్ల తరబడి ఇట్లే విన్న సంఘమునకు ఒక అలవాటు పట్టును. కథలో మనము ఎల్లప్పుడు త్రోవలో పడియున్నవారమే. ఎన్నడును త్రోవన పోవుచున్నవారము కాము. మనలను ఎవరో ఎత్తవలెను, మనము ఎవరిని ఎత్తనక్కరలేదు. ప్రభువు ఆ ఉపదేశకునితో నీవు రక్షింపబడిన విధము ఇది అని ముగింపలేదు. వెళ్లి అట్టి పనియే చేయవలెనని ముగించెను. ఆ ముగింపును విడిచిపెట్టు వ్యాఖ్యానము ఎంత తియ్యనిదైనను నేను సగమే ఒప్పుకొందును.

కథను తెలుగులో బిగ్గరగా చదివిన యెడల ఇంకొకటి తెలియును. మన భాషలో ఒక వసతి కలదు. లేచి, కడుగుకొని, కట్టుకొని, బయలుదేరి అని పనులను గొలుసుగా అల్లుకొని పోవచ్చును. చివరి మాట వచ్చువరకు వాక్యము ముగియదు. వినువాడు ఊపిరి బిగబట్టి కూర్చుండవలసినదే. యాజకుని సంగతి ఎంతసేపు? చూచుట, పోవుట, అంతే. లేవీయునిదియు అంతే. సమరయునియొద్దకు వచ్చునప్పటికి వాక్యము సాగిపోవుచునే యుండును. ఆ పనులను వ్రేళ్లమీద లెక్కించుడి. పదికి తక్కువ రావు. వాటిలో జాలి ఒక్కటే మనస్సులోనిది. తక్కినవన్నియు కాళ్లు చేతులు చేసిన పనులు, సంచిలోనుండి తీసిన వస్తువులు, దిగిపోయిన స్థలము, పోయిన పొద్దు. చూచుట ముగ్గురికిని సమానమే. మన సంఘములలో ప్రేమను గూర్చి చెప్పునప్పుడు ఆ ఒక్క జాలి దగ్గరనే ఆగి కన్నీరు పెట్టుకొందుము. లూకా అక్కడ ఆగలేదు.

సమరయుడనగానే మనకు "మంచి" అను మాట తోడుగా వచ్చును. నాడు విన్నవారికి అట్లు రాలేదు. ఒక్క అధ్యాయము వెనుకకు త్రిప్పుడి. తొమ్మిదవ అధ్యాయములో ఒక సమరయుల గ్రామము ప్రభువును చేర్చుకొనలేదు. యాకోబు యోహానులకు మండి, ఆకాశమునుండి అగ్ని రప్పింతుమా అని అడిగిరి. ప్రభువు వారిని గద్దించెను. ఆ కోపము చల్లారకమునుపే తరువాతి అధ్యాయములో అదే జాతివాడు ఒకడు నూనె సీసాతో త్రోవలో ఎదురగుచున్నాడు. లూకా ఈ రెంటిని ఊరకనే దగ్గర దగ్గరగా పెట్టియుండడని నా తలంపు. తలుపు మూసిన ఊరివాడినే ప్రభువు తన కథకు మూలపురుషునిగా చేసికొనెను. కథ ముగిసిన తరువాత ముగ్గురిలో ఎవడని అడిగినప్పుడు, ఆ ఉపదేశకునికి "సమరయుడు" అను పేరు నోట రాలేదు. కనికరము చూపినవాడని చుట్టు త్రిప్పి చెప్పెను. పేరు పలుకలేని నోరు! అది మనకు తెలియని నోరు కాదు.

ఇక్కడ ఒకరు లేచి అడుగవచ్చును. యోహాను సువార్త పదుమూడవ అధ్యాయములో ప్రభువు ఇచ్చిన క్రొత్త ఆజ్ఞ శిష్యులు ఒకరినొకరు ప్రేమింపవలెనని కదా, అది విశ్వాసుల మధ్య సంగతి కదా అని. న్యాయమైన ప్రశ్నయే. ఆ అధ్యాయమును మొదటినుండి చదువుదము. ముప్పదియవ వచనములో యూదా బయటికి పోవుచున్నాడు, అప్పుడు రాత్రి. క్రొత్త ఆజ్ఞ ముప్పదినాలుగవ వచనములో వచ్చును. ఆ ఒక్క వచనమే చదివినవారికి అది మిగిలిన పదునొకండుగురికి ఇచ్చిన ఇంటి కట్టడవలె కనబడును. కాని పాదములు కడిగినది ఎప్పుడు? యూదా ఇంకను బల్లయొద్ద ఉన్నప్పుడు. తాను ప్రేమించినట్లు వారును ప్రేమింపవలెనని ప్రభువు కొలత పెట్టెను గదా. ఆ కొలతలో అప్పగించువాని పాదములు కూడ చేరియున్నవి. "ఒకరినొకరు" అను మాటకు గోడ కట్టువారు ఆ పాదములను ఎక్కడ పెట్టుదురో నాకు తెలియదు. లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయములోనైనను, పొరుగువానిని గూర్చిన ఆజ్ఞ పదునెనిమిదవ వచనములో ఉండగా, అదే ప్రేమ పరదేశికిని చెల్లునని ముప్పదినాలుగవ వచనము చెప్పుచున్నది. చాలమంది మొదటి దానిని కంఠస్థము చేసి రెండవ దాని దగ్గరకు రాకమునుపే పుస్తకము మూయుదురు.

తిరిగి బస్తీకి. 1990లో అక్కడి క్రైస్తవులకు ఒక మంచి కారణము ఉండెను: ఈ కొట్లాట ఇరువురిది, మనది కాదు. కొద్దిమందిమి, మనకెందుకు అని తలుపు వేసికొన్నను ఎవరును తప్పు పట్టరు. ఆ నగరములో హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ అను క్రైస్తవ సంస్థ కలదు. 1930లో లాహోరులో స్థాపింపబడి, ఉత్తరదేశములో ఊరు తరువాత ఊరు మారి, 1971లో హైదరాబాదు చేరినది. ఇప్పుడు దాని స్థలము శివరాంపల్లిలో ఉన్నది. ముస్లిముల మతమును నేర్చుకొని వారికి సువార్త చెప్పుటకు సంఘ సేవకులను సిద్ధపరచుట దాని మొదటి ఉద్దేశము. అరబీ నేర్పుట, గ్రంథములు పోగుచేయుట, పత్రిక నడుపుట, ఇవి దాని పనులు. చదువు చెడ్డది కాదు. అయినను పొరుగువానిని గూర్చి చదువుట వేరు, పొరుగువాని యింటికి పోవుట వేరు.

ఆ సంస్థకు పేరు పెట్టబడిన హెన్రీ మార్టిన్‌కు ఈ రెండును తెలియును. క్రొత్త నిబంధనను ఉర్దూలోనికి తెచ్చినవాడు ఆయన. కాన్పూరులో ఆదివారమునాడు తన వాకిట చేరిన బిచ్చగాండ్రను వందలకొలది కూర్చుండబెట్టుకొని మాటలాడినవాడును ఆయనయే. 1812 అక్టోబరులో, ముప్పదియొక్క యేండ్లకే, స్వదేశము పోవు త్రోవలో తోకాటు అను తురకదేశపు పట్టణమున జ్వరముతో మరణించెను. అక్కడి ఆర్మీనియా క్రైస్తవులు పాతిపెట్టిరి. ఆయన ఉర్దూ క్రొత్త నిబంధన 1814లో సెరాంపూరులో అచ్చుపడెను. మన తెలుగు లూకా అచ్చుపడిన ఊరే! సమరయుని కథ తెలుగులోను ఉర్దూలోను ఒకే ఊరిలో, రెండేండ్ల ఎడమున అచ్చుపడినది. ఆ రెండు భాషలు మాటలాడువారే గోడకు గోడగా బస్తీలో కాపురమున్నారు.

అల్లరుల తరువాత ఆ సంస్థవారు పుస్తకములు మూసి గల్లీలలోనికి పోయిరి. మొదట దెబ్బతిన్నవారికి సహాయము. ఆ తరువాత సుల్తాన్‌షాహీ అను వాడలో నిలుకడగా పని. హిందువులును ముస్లిములును ఉండు బీదవాడ అది. చిన్నపిల్లలకు బడి, స్త్రీలకు కుట్టుపని, రోగులకు వైద్యము. ఆ పనికి వారు పెట్టిన పేరు అమన్-శాంతి. ఒకే అర్థము గల రెండు మాటలు, ఇటొకటి అటొకటి. చూచుటకు చిన్న పనులే. కుట్టుమిషను ముందర ఒక బురఖా ఆమెయు ఒక బొట్టు ఆమెయు ప్రక్కప్రక్కన కూర్చుండిన యెడల, ఒకతె కత్తెర ఇంకొకతె అడుగవలసి వచ్చును. కత్తెర అడుగుటతో ఏ దేశమును బాగుపడదందురేమో. కాని అల్లరినాడు పుకారు వచ్చినప్పుడు, ఆవలి ఇంటివారు ఎట్టివారో ఎరిగిన మనిషి ఒకతె ఈవలి ఇంట ఉండుట చిన్న సంగతి కాదు.

ఇది సువార్తయా అని మీలో ఒకరు అడుగుదురని ఎరుగుదును. సమరయుడు గాయములు కట్టుచు గెరిజీము కొండను గూర్చి ఒక్క మాటయు చెప్పినట్లు లూకా వ్రాయలేదు. చెప్పకూడదని నేననుట లేదు. గాయము కట్టుటకు ముందు చెప్పలేదు, అంతే.

ఇక మన ఊరి సంగతి. పాతబస్తీలో గోడను గూర్చి చెప్పితిని గనుక మన దడిని గూర్చి చెప్పక విడువరాదు. ఒకే ప్రభువును మ్రొక్కుచు, రెండు పల్లెలకు రెండు గుడులు కట్టుకొన్న ఊళ్లు మనకు తెలియును. ఒక గుడివారి ఇంట శవము లేచిన దినమున, రెండవ గుడివారు ఎంతమంది వచ్చిరి? పెండ్లి పిలుపు దడి దాటినదా? బల్ల దగ్గర గిన్నె చేతినుండి చేతికి పోవునప్పుడు ఎవడైనను తరువాతి వరుసకు జరిగి కూర్చుండెనా? వీటికి జవాబు నేను వ్రాయనక్కరలేదు. హిందువులు ముస్లిములు కొట్టుకొనిరని పట్నపు వార్త చదివి నిట్టూర్చు మనము, మన సమరయుని పేరు పలుకుటకు నోరు చుట్టు త్రిప్పుచునే యున్నాము.

చివరి మాట ఆ పూటకూళ్లింటిని గూర్చి. అనువాదకులు అక్కడ "సత్రము" అని వ్రాసియుండవచ్చును. వ్రాయకపోవుట మంచిదైనది. మన దేశమున సత్రములో అన్నము ఊరక పెట్టుదురు; కట్టించినవానికి పుణ్యము, తినువానికి ఖర్చు లేదు. పూటకూళ్లిల్లు అట్టిది కాదు. పూటకు ఇంత అని చెల్లింపవలెను. అందుచేతనే రెండు దేనారములు కథలోనికి వచ్చినవి. మత్తయి సువార్త ఇరువదియవ అధ్యాయము ప్రకారము దేనారము ఒక దినపు కూలి. కావున అది కూలివాని రెండు దినముల కష్టము. అది చాలకపోవచ్చునని సమరయునికి తెలియును. ఇంకేమైన ఖర్చయినచో తిరిగి వచ్చునప్పుడు ఇత్తునని మాట ఇచ్చి పోయెను. ఎంతగునో అడుగలేదు. గాయము ఎన్నాళ్లకు మానునో ఎవరికి తెలియును? సుల్తాన్‌షాహీలో పని మొదలుపెట్టినవారికిని ఆ లెక్క ముందుగా తెలిసియుండదు.

సమరయుడు తిరిగి వచ్చి ఆ మిగిలిన బాకీ తీర్చెనో లేదో లూకా వ్రాయలేదు. పూటకూళ్లవాని చేతిలో రెండు దేనారములు, లోపలి గదిలో ఇంకను మానని గాయములతో ఒక మనుష్యుడు. కథ అక్కడనే నిలిచినది.